ఉప్పుపెట్టిన స్పాంజి

మా చెల్లెలి కూతురు ఇప్పుడు ద్వారకా నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్లో జంతుశాస్త్రం చెబుతోంది. స్పాంజిల పాఠం టీ విరామంలోపే అయిపోతుందట. పరీక్షలో దాని నుంచి వస్తే ఒక ప్రశ్న వస్తుంది, రాకపోతే లేదు.

అంతకుముందు కొన్నేళ్లు ఆ పిల్ల ఒకే ఒక్క స్పాంజి కోసం తిరిగింది. వాళ్ల నాన్న ఉక్కునగరంలో క్వార్టర్ ఉన్న షిఫ్టు ఉద్యోగి. సెకండ్ షిఫ్టు దిగి వచ్చి రాత్రి ఆయన నిద్రపోతుంటే, దీపం వెలుగు ఆయన మీద పడకుండా వంటగదిలో కూర్చుని చదివి, నగరంలోని ఒక పరిశోధనశాలలో చేరింది. సముద్రజీవుల్లో మందుకు పనికొచ్చే పదార్థాలు వెతకడం అక్కడి పని. స్పాంజి రాయిని పట్టుకుని బతుకుతుంది, పారిపోలేదు, కరవలేదు, అందుకే తినడానికి వచ్చినవాటిని విషంతో తరుముతుందని నాకు చెప్పింది. ఒక స్పాంజిలో దొరికిన పదార్థాలను చూసి తయారుచేసిన మందును రక్త క్యాన్సర్ రోగులకు ఎంతోకాలంగా ఎక్కిస్తున్నారట.

ఒకరోజు యారాడ ఒడ్డున ఒక మత్స్యకారుడు వల దులుపుతుంటే నారింజ రంగు స్పాంజి ముక్క ఒకటి రాలింది. చేతులకు దురద పెడుతుందని వాళ్లు అలాంటివి అక్కడే పారేస్తారు. అక్కడే ఉన్న ఈమె దాన్ని తెచ్చుకుంది. దాని సారం వేస్తే గాజుపళ్లెంలోని క్యాన్సర్ కణాలు పెరగడం మానేశాయి. అయితే ఆ గుణం ఏ పదార్థానిదో తేలకముందే ముక్క అయిపోయింది. అదే స్పాంజి మళ్లీ దొరకాలి. వానాకాలం వెళ్లేలోపు ఆమె ఫెలోషిప్ కూడా అయిపోతుంది. ఆ మత్స్యకారుడి ఇంట్లో ఐసు నింపిన థర్మోకోల్ పెట్టె పెట్టి, దొరికిన వెంటనే ఫోన్ చేయమని చెప్పి వచ్చింది.

దొరికింది. ఫోనూ వచ్చింది. ఆరోజే పరిశోధనశాలలో సముద్ర సంపద మీద సదస్సు. యారాడ వెళ్తానంటే ప్రొఫెసర్ గారు, “ఇన్నాళ్లు ఆగింది, ఒక్క పూట ఆగదా? శాలువాలు నువ్వు చూసుకోవాలి” అన్నారట. నేను పనిచేసే పత్రిక తరఫున ఆ సదస్సుకు నేనూ వెళ్లాను. వేదిక పక్కన ఆమె పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. ఫోన్ సంగతి నాకు సాయంత్రం దాకా తెలియదు. రేపటి మందులన్నీ సముద్రంలోనే ఉన్నాయని అతిథి చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. పళ్లెం చేతిలో ఉండటం వల్ల ఆమె కొట్టలేకపోయింది.

మర్నాడు నా స్కూటర్ మీద ఘాట్ రోడ్డు దిగి యారాడ వెళ్లాం. మత్స్యకారుడి భార్య కాగితం పొట్లం ఒకటి తెచ్చింది.

“నిన్నంతా నీకోసం సూసినాను పాపా. ఐసు కరిగిపోనాది. కంపు కొట్టీసింది. సదువుకున్న పిల్ల సేతికి అలాటిదెలా ఇత్తాను? మంచినీళ్లతో కడిగీసి, ఉప్పెట్టీసి ఎండబెట్టీసినాను. ఇంక ఏడాదైనా పాడవదు.”

గుమ్మంలో వల బాగుచేసుకుంటున్న మొగుడు తలెత్తలేదు. “దీని కంట్లో పడితే సాలు, ఉప్పెట్టీడమే. రేపు నన్నూ ఎండబెట్టీగలదు.”

“నిన్నెండబెడితే ఎవుడు తింటాడు?”

మా పిల్ల నవ్వింది. పొట్లం రెండు చేతులా అందుకుని, “బాగా ఉంచావు పిన్నీ” అంది.

ఘాట్ ఎక్కుతుంటే వెనక నుంచి చెప్పింది. ఆ పదార్థాన్ని తయారుచేసేవి స్పాంజిలో కాపురముండే సూక్ష్మజీవులై ఉండవచ్చట. మంచినీళ్లు తగిలితే అవి చచ్చిపోతాయి. ఎండ తగిలితే పదార్థమే పాడైపోవచ్చు.

“మరి ఆవిడకి చెప్పలేదేం?”

“ఏటి చెప్పను మావయ్యా? ఆవిడ నా సరుకు కాపాడాలని చూసింది. నాను శాలువాలు కాపాడినాను.”

అయినా ఆ ఎండిన ముక్క సారాన్ని పరీక్షించింది. గాజుపళ్లెంలో క్యాన్సర్ కణాలు హాయిగా పెరిగాయి. అప్పటి నుంచి పడవలు వచ్చే వేళకు తానే యారాడ వెళ్లి, వలలు దులిపే చోట నిలబడేది. ఆ స్పాంజి మళ్లీ రాలేదు. వానాకాలం వెళ్లింది, ఫెలోషిప్ వెళ్లింది. సదస్సు నిర్వహణలో తోడ్పడినందుకు సర్టిఫికెట్ మాత్రం ఇచ్చారు. ఈ సంగతి రాస్తానంటే మా పత్రిక డెస్కులో, “మందు దొరికాక రాయండి, దొరకనిది వార్తెలా అవుతుంది?” అన్నారు. సదస్సు ఫొటో మాత్రం ముందే వేశారు. అందులో శాలువాల పళ్లెం ఉంది, దాన్ని పట్టుకున్న మనిషి లేదు.

ఈమధ్య చేపల కోసం యారాడ వెళ్లాను. ఆ ఇల్లాలు నన్ను గుర్తుపట్టి, లోపలి నుంచి సంచి తెచ్చింది. ఉప్పు పేరుకున్న నారింజ ముక్కలు నిండా ఉన్నాయి.

“పాప రావడం మానీసినాక వలలో పడినాయి బాబూ. బాగా ఉంచానంది కదా, అలాగే ఎండబెట్టి దాసినాను. మా ఆడపడుచుకి రొమ్ములో గడ్డొచ్చింది. ఆ మందేదో తొందరగా సెయ్యమను.”

ద్వారకా నగర్ వెళ్లి సంచి ఇచ్చాను. తరగతి బయట, మెట్ల మీద నిలబడి ఒక ముక్క తీసింది. వెలుతురుకు పెట్టి, విరిచి, లోపల చూసింది.

“ఇదే మావయ్యా” అంది.

తర్వాతి బ్యాచ్ పిల్లలు మెట్లెక్కుతున్నారు. వాళ్లకు దారిచ్చి, సంచి మూతి ముడివేసి నా చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయింది.