గడ్జన్ గారి బోర్డు

ఇంజన్లు బాగుచేసే ఆయన్ని వీధి వీధంతా గడ్జన్ అనే పిలుస్తుంది. అసలు పేరు పెళ్లి శుభలేఖలో ఒకసారి దర్శనమిచ్చి, మళ్లీ ఎవరి కంటా పడలేదు. పిస్టన్‌నీ దాని కింది కడ్డీనీ కలిపి పట్టుకునే పిన్నును గడ్జన్ పిన్ను అంటారు. దాన్ని దింపడంలో తన చేతికి తిరుగులేదు కనుకే పని నేర్పిన మేస్త్రి తనకా బిరుదు ప్రసాదించాడని ఆయన ప్రగాఢ విశ్వాసం. ఇన్నాళ్లకు ఇంటి పక్కనే సొంత షెడ్డు తెరుస్తూ, ఆ విశ్వాసంతోనే ‘గడ్జన్ వర్క్స్’ అని రాయమని పెయింటర్‌ని నిచ్చెన ఎక్కించాడు.

పెయింటర్ ‘గ’ పూర్తిచేసి దాని అందానికి తానే మురిసిపోతున్న సమయంలో మరదలు వచ్చింది. ఆవిడ ఇంగ్లీషు టీచరు. బడిలో పిల్లలు చాలక చుట్టాలను కూడా దిద్దుతూ ఉంటుంది.

“బావా, ఆ మాటకి అర్థం తెలిసే రాయిస్తున్నావా?”

“తెలీకపోవడమేంటి? రోజూ చేత్తో పట్టుకునేదేగా!”

“నువ్వు పట్టుకునేది ఒకటి. ఇంకోటుంది, చేప. చిన్నది. ఏ ఎర వేసినా గుటుక్కున మింగేస్తుంది. అందుకే ఏం చెప్పినా నమ్మేసేవాణ్ని కూడా ఇంగ్లీషులో గడ్జన్ అంటారు.”

పాఠం అక్కడితో ఆగలేదు. చేపది లాటిన్ వంశమట. పిన్నుది ఫ్రెంచి ఉలి వంశమని కొందరు పండితుల అనుమానమట. ముక్కూమొహం తెలియని ఆ రెండూ ఇంగ్లీషులోకి వచ్చి ఒకే స్పెల్లింగు కింద కాపురం పెట్టాయట. ఇంతలో వంటింట్లోంచి భార్య నవ్వు వినిపించింది.

“అయితే తెలిసే పెట్టారన్నమాట! ఎలకల్ని తరిమే పాటల పెట్టె కొన్నదెవరు? అది విని పక్కింటి ఎలకలు కూడా మనింటికే చేరాయి!”

గడ్జన్ మొహం మాడిపోయింది. ఇన్నేళ్లూ పతకంలా మోసింది తిట్టా? “అక్కడే ఉండు” అని పెయింటర్‌ని ఆజ్ఞాపించి, తిన్నగా మేస్త్రి ఇంటికి నడిచాడు. ఎప్పుడో పని మానేసిన మేస్త్రి వరండాలో కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటున్నాడు.

“గురువుగారూ, నిజం చెప్పండి. నన్ను గడ్జన్ అన్నది పిన్నుని చూసా, చేపని చూసా?”

“చేపేంట్రా? నేనెప్పుడన్నాను గడ్జన్ అని? గడుగ్గాయి అన్నాను. నా స్పానర్లన్నీ దాచేసేవాడివి కదూ! ఆ ఇంజన్ల హోరులో మనవాళ్లకి గడ్జన్ అని వినబడింది.”

“మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?”

“పిలిస్తే పలుకుతున్నావుగా, ఇంకెందుకు?”

గడ్జన్ గొంతు తగ్గింది. “పోనీ... పిన్ను బాగా దింపేవాణ్నా?”

మేస్త్రి కళ్లజోడు పెట్టుకుని అతన్ని ఎగాదిగా చూశాడు. “నాకంటే బాగా దింపేవాడివి. చెబితే నెత్తికెక్కుతావని చెప్పలేదు.”

తిరుగు దారిలో గడ్జన్ కాళ్లు నేలమీద ఆనలేదు.

“‘గ’ తర్వాత ఏం రాయను?” అన్నాడు నిచ్చెన మీది పెయింటర్, నీరసంగా.

“గడుగ్గాయి అని రాయించండి, ముచ్చటగా ఉంటుంది” అంది సంగతంతా విన్న భార్య.

“గడ్జనే! వాళ్లకెలా వినబడితేనేం, ఇన్నేళ్లూ పలికింది నేను.”

“మరి చేప మాటో?” అంది మరదలు.

“అదీ ఉండనీ. మీ అక్క ఎలాగూ వదలదు.”

“పక్కన చేప బొమ్మ వెయ్యనా సార్? మీకైతే ఊరికే వేస్తా” అన్నాడు పెయింటర్.

“నిజంగా ఊరికేనా?” అన్నాడు గడ్జన్, ఆశగా.