ఇనుప గ్రిల్ పట్టుకునే ఆవిడ

మా ముత్తాత, తాత అనంతగిరి వైపు కొండ ఊళ్ల మీద శిస్తు వసూలు చేసిన ముఠాదార్లు. ఆ ఊళ్లవాళ్లు మా అరుగు కిందే నిలబడి వాళ్లతో మాట్లాడేవారట. నాకు మిగిలింది పాత ల్యాప్‌టాప్, దానిమీద చెప్పే ఆన్‌లైన్ పాఠాలు. అది పాఠం మధ్యలో బిగుసుకుపోయేది. ఇంకోసారి ఆగితే మానేయమని కోచింగ్ సెంటరు వాళ్లు చెప్పేశారు.

అరకులో మా ఇంటి సంగతి తెలిసిన రిపేరు షాపు ఆవిడ దగ్గరికి వెళ్లి, "ర్యామ్ అన్నిటికంటే పెద్దది వెయ్యండి" అన్నాను.

"పదారు జీబీ ఈ బోర్డు తీసుకోదు బాబూ, ఎనిమిదే ఏత్తాను. ఎంతడిగితే అంత ఇవ్వడానికి ఇదేటి, మీ తాతగారి ముఠానా?"

ఆవిడ ముఖం కంటే ఆ చెయ్యే నాకు గుర్తు. మూత విప్పే ముందు ప్రతిసారీ గుమ్మం పక్క ఇనుప గ్రిల్ పట్టుకునేది. చలికాలం ఒంట్లో కరెంటు నిలవుంటుందని, ఒకసారి దానివల్లే ఎవరిదో బోర్డు పోయిందని చెప్పింది.

కొత్త ర్యామ్ పెట్టి స్విచ్ నొక్కితే తెర నల్లగానే ఉంది. ఆవిడ ర్యామ్ తీసి, అంచు మీది పొర పోయేలా పెన్సిల్ రబ్బరుతో రుద్దసాగింది. నేను బల్లమీదికి వంగాను.

"ముట్టకండి బాబూ! మీరూ ఆ గ్రిల్ ఒట్టుకోండి. మీ ఒంట్లో కరెంటన్నా నాకు బయ్యమే."

గుమ్మం దిగి, వీధిలో అందరూ చూస్తుండగా గ్రిల్ పట్టుకుని నిలబడ్డాను. మా అరుగు కింద నిలబడ్డవాళ్ల గుండె ఇలాగే కొట్టుకునేదేమో. ఆవిడ ర్యామ్ మళ్లీ పెట్టాక తెర వెలిగినా నా వేళ్లు గ్రిల్ వదల్లేదు.

"ఇంక ఒగ్గీయండి బాబూ" అంది.

ఆ ర్యామ్ కోసం మా తాతగారి వెండి పొన్ను చేతికర్ర అమ్మాను.