పింగులో దాచిన కబురు

ఏడేళ్లుగా ఈ మాట నాలోనే దాచుకున్నాను. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, అందుకే మీకు చెప్తున్నాను.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు పక్కన ఒక సరుకుల గోదాములో నెట్‌వర్క్ పని చూసేవాణ్ణి. పోటీ కంపెనీ ఒకటి పెద్ద ఉద్యోగం ఆశ చూపింది. బదులుగా ఏ సరుకు ఎప్పుడు దిగుతుందో ముందే చేరవేయాలి. ఫోన్ చేసినా, మెయిల్ పెట్టినా దొరికిపోతాను. అందుకని పింగులో దాచాను. పింగంటే ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌ను ‘ఉన్నావా?’ అని పలకరించడం. రోజూ వేలల్లో పోతుంటాయి, ఎవరూ పట్టించుకోరు. ఆ పలకరింపు వెనక అర్థంలేని అక్షరాలు నింపే చోటు కొంచెం ఉంటుంది. నా కబురు అక్కడ పెట్టాను. అబ్బో, ఎంత మురిసిపోయానో! నా అంత మొనగాడు లేడనుకున్నాను.

నా కంప్యూటర్ నుంచి పంపానా? అంత ధైర్యమెక్కడిది. లారీలకు గేటు చీటీలు కొట్టే సలీం భాయ్ శుక్రవారం నమాజుకు పోతూ తన లాగిన్ తెరిచే ఉంచేవాడు. తను వచ్చేదాకా లారీవాళ్లు ఎండలో నిలబడకూడదని, ఎవరో ఒకరు చీటీ కొట్టి ఇస్తారని. అతని మంచితనాన్నే నేను వాడుకున్నాను.

ఒకరోజు మా కంపెనీవాళ్లు ఆ కబుర్లను పట్టేశారు. సలీం లాగిన్ నుంచే పోయిందని తేల్చి, ఆ సంగతేదో చూడమని నన్నే పిలిచారు. సలీం నా వైపు తిరిగాడు.

“అన్నా, నువ్వన్న చెప్పు జర. గప్పుడు నేను మసీదుల ఉన్న. సీట్ల లేనోడు ఎట్ల పంపుతడు?”

“మనిషి లేకున్నా నడుస్తది భాయ్. ముందే టైం పెట్టి పోతే చాలు, దానంతటదే పోతది,” అన్నాను.

అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. నేను అబద్ధమాడలేదు కదా అని ఎన్నిసార్లు నన్ను నేను సముదాయించుకున్నానో, ఎన్నిసార్లు అదే మాట తిరిగొచ్చి నా చెంప వాయించిందో చెప్పలేను. ఛీ, ఏం బతుకు నాది!

సలీం ఎయిర్‌పోర్టు పాసు రద్దు చేశారు. పాసు పోయినవాణ్ణి ఇక్కడ ఏ గోదామూ గేటు దాటనివ్వదు. నాకా పెద్ద ఉద్యోగమూ రాలేదు. అదే నాకు శిక్ష అనుకుని కొన్నాళ్లు తప్పించుకు తిరిగాను.

పోయిన నెల జల్‌పల్లిలో కనిపించాడు. తోపుడుబండి మీద జామకాయలు అమ్ముతున్నాడు. నన్ను చూసి చేయి పట్టుకున్నాడు.

“పరేషాన్ గాకు అన్నా. గా దినం నువ్వు ఉన్నదే చెప్పినవ్. నీ మీద నాకేం కోపం లేదు.”

నాలుగు కాయలు ఏరి నా సంచిలో వేశాడు. తీసుకున్నాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా? సంచి పట్టుకుని ఇంటికొచ్చేశాను.

ఇక్కడ చెప్తున్నాను. పంపింది సలీం కాదు, నేను. రాసేసరికి కాస్త ఊపిరాడుతోంది, అందుకూ సిగ్గుగానే ఉంది. సలీంకు మాత్రం ఇంకా తెలీదు.