అక్క కోసం ఒక మునక

ఆ రోజుల్లో, అంటే కుంఫిణీవారు కోయంబత్తూరు కచేరీలో కూర్చుని మా భూములకు పన్ను వసూలు చేస్తున్న రోజుల్లో, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చిన ప్రతి కుర్రవాడూ తానొక చిన్న దొరననుకునేవాడు. నేనూ అనుకున్నాను. కచేరీలో జీతం లేకుండా పని నేర్చుకుంటూ, ఇంటికొస్తే మాత్రం తలపాగా తీయకుండానే భోజనానికి కూర్చునేవాణ్ణి. (ఆ తలపాగా మా అవ్వ పాత చీర చింపి చేసిందని ఊరందరికీ తెలుసు.)

అలాంటి నాకు దుబాసీ పని ఒకటి దొరికింది. అమెరికా నుంచి వచ్చిన, మార్మన్లనే కొత్త క్రైస్తవ శాఖ బోధకుడొకాయన, గుబురు గడ్డంతో, చిరిగిన బూట్లతో మా వైపుకు వచ్చాడు. తక్కిన పాదరీలు ఆయన్ని గుమ్మం తొక్కనివ్వలేదు. తిండికి కూడా దిక్కులేకపోతే జాలేసి, కారమడై దగ్గరున్న మా ఊరికి నేనే తీసుకుపోయాను. ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల తోలడం ఆపి మావాళ్లంతా చుట్టూ చేరారు. చచ్చాక మనుషులకు మూడు లోకాలున్నాయనీ, ఒకటి సూర్యుడిలా, ఒకటి చంద్రుడిలా, ఒకటి నక్షత్రాల్లా వెలుగుతుంటాయనీ దొర చెప్పాడు. రైతులకు ఇదంతా ఎక్కడ అర్థమవుతుందని నేను వాటిని కాలవ నీళ్లు పారే నంజ, బావి కింది తోట, వాన కోసం ఎదురుచూసే మెట్టచేను అని తర్జుమా చేశాను. (నా తెలివికి నేనే మురిసిపోయాను.) ఆ మూడోదాంట్లో బావి తవ్వితే నీళ్లు పడతాయా అని చిన్నాయన అడిగాడు. అది కూడా ఈ భూమికంటే ఎంతో మేలని దొర చెప్పేసరికి, అయితే మనకదే చాలు, ఇంకా పైకి పాకడమెందుకని తేల్చేసి ఎద్దుల దగ్గరికి పోయాడు.

దొర మాత్రం వదల్లేదు. తమ మతం మాటే వినకుండా చచ్చిపోయినవాళ్లకు ఆ పైలోకంలో వినిపిస్తారట. వాళ్ల పేరున బతికున్నవాళ్లు ఇక్కడ నీళ్లలో మునిగితే, వాళ్లు ఒప్పుకుంటే, ఆ మునక పుణ్యం వాళ్లకు చెందుతుందట. నేనది తెలుగులో చెప్పగానే, చింతపండులో గింజలు తీస్తున్న అవ్వ చెయ్యి ఆగింది.

మా తాతకు అవ్వ రెండో పెళ్లాం. పిల్లలు పుట్టలేదని మొదటామే వెళ్లి అవ్వను వెతికి తెచ్చింది. తల దువ్వింది, వంట నేర్పింది, రోజూ పోట్లాడింది. అవ్వ కాన్పుకు పుట్టింటికి పోయినప్పుడు ఆమె వాంతిభేదితో పోయింది. బిడ్డలు లేనిదానికి పైలోకంలో గతి ఉండదని ఎవరో అన్న మాట అవ్వ గుండెలో ముల్లులా ఉండిపోయింది. ఆ దిగులు అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు.

"దొరని అడగరా కన్నూ. బిడ్డల్లేక పోయినామెకి ఇంకొకరు మునగొచ్చునా?"

మునగొచ్చన్నాడు దొర. కాకపోతే అది తమ దేశంలో, దానికని ఏర్పాటైన చోటనే జరగాలట. పేరు చెబితే చాలు, తాను తిరిగి వెళ్లాక తమ ఆడమనిషెవరైనా ఆమెకోసం మునుగుతుందన్నాడు.

"పేరా?" అంది అవ్వ. "అక్కంటే అక్క గదరా."

మా ఇళ్లలో పెద్దవాళ్ల పేరు నోట పలకకూడదు. అవ్వకు ఆమె అక్క, మా నాయనకు పెద్దమ్మ, ఊరికి మదురై ఆమె. ఆమె పుట్టింటివాళ్లు ఏ కరువులోనో చెదిరిపోయారు. తాత ఎన్నడూ పెళ్లాం పేరు పలికిన మనిషి కాదు, ఆయనా పోయాడు. ఊళ్లో ముసలివాళ్లందరినీ అడిగి వచ్చాను. ఎవరికీ తెలియదు. అన్నేళ్లు ఒకే పొయ్యి దగ్గర వండిన మనిషి పేరు తనకు తెలియదని అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నా ఇంగ్లీషంతా ఏ మూలకూ పనికిరాలేదు.

కాసేపటికి అవ్వ కళ్లు తుడుచుకుని లేచి, గోడ పట్టుకుని దిగుడుబావి మెట్లు దిగింది. వద్దంటే వినలేదు. "ఇది మా అక్కకి సామీ. ఆమె ఎవరో నీకు తెలుసు" అని ముక్కు మూసుకుని మునిగింది. అలా చేస్తే చెల్లదని దొర మెల్లగా ఇంగ్లీషులో గొణిగాడు. తర్జుమా చెయ్యనా అని అడిగాను. అవ్వ తడిసిన చీరతో నవ్వుతూ పైకి వస్తోంది. వద్దని దొర తల అడ్డంగా ఊపి, తనే రెండు మెట్లు దిగి చెయ్యందించాడు.

ఆ తరువాత అవ్వ బతికినంతకాలం చావు మాటొస్తే భయపడలేదు. అక్క కాచుకుని ఉంటుందిలే అనేది. ఇప్పుడు నా వయసు అప్పటి అవ్వ వయసును దాటిపోయింది. దొర చెప్పిన ఆ మూడు లోకాల్లో నాకు ఏది రాసిపెట్టి ఉందో తెలియదు. ఏదైనా సరే, ఆ ఇద్దరూ పోట్లాడుకునే గొంతులు వినబడేంత దూరంలో ఉంటే నాకు చాలు.