గుట్టల గంగి... ఇంకా ఉంది

మా చిన్నప్పుడు... మరీ పాతకాలమేం కాదు, తెలంగాణ వచ్చిన కొత్తలో... బాపు... అదే, మా నాన్న... నల్గొండ బస్టాండులో నెలనెలా పిల్లల పుస్తకం కొనుక్కొచ్చేవాడు. అందులో ‘గుట్టల గంగి’ అని బొమ్మల కథ వచ్చేది.

గంగి నిధుల కోసం గుట్టలెక్కే పిల్ల. వెంట ముత్తయ్య తాత. బొమ్మలు వేసినాయన ఎవరో గానీ... గంగిని లావు గీతతో, తాతను వణికే సన్న గీతతో గీసేవాడు. లోయ వచ్చిందంటే సగం కాగితం నల్ల సిరాయే! చూస్తుంటే నాకు అరికాళ్లు జిల్లుమనేవి.

తాత కథ పొడుగునా గంగిని తిడుతూనే ఉంటాడు. ఆమె నడుముకు కట్టిన తాడు మాత్రం విడవడు.

మా అవ్వకు... బాపు తల్లికి... చదువు రాదు. బొమ్మలు చూసి, "గీ ముసలోడు అచ్చం నా లెక్కనే ఉన్నడు" అని నవ్వేది. నిజమే... అమ్మకూ అవ్వకూ పొద్దున లేస్తే కొట్లాటే. వాకిట్లో సానిపి చల్లడం మొదలు కూరలో ఉప్పు దాకా.

ఒక వానాకాలం అమ్మకు డెంగీ వచ్చింది. బాపు నల్గొండ దవాఖానకు తీసుకుపోయాడు. హాలియా దగ్గర మా ఊళ్లో నేనూ అవ్వా మిగిలాం. ఇంట్లో ఉన్న ఒక్క సెల్లూ బాపు వెంట పోయింది. పక్కింటి యాదమ్మత్త సెల్లే మాకు దిక్కు. రక్తకణాలు పడిపోతున్నాయని, డాక్టర్లు ఏ సంగతీ చెప్పడం లేదని బాపు ఒకసారి ఫోన్ చేశాడు. తర్వాత కలవలేదు... అమ్మ చచ్చిపోతుందేమోనని నాకు ఒకటే భయం. ముద్ద దిగలేదు.

అవ్వ ఆ నెల పుస్తకం ముందేసుకుని కూర్చుంది. చివరి బొమ్మలో గంగి లోయలో వేలాడుతోంది. తాడు ఒక్క పోగు మీద నిలిచింది. తాత ముఖం నిండా చెమట చుక్కలు.

"కింద ఏం రాసిండే?"

"ఇంకా ఉంది."

"ఉన్నది గద! మరెందుకేడుస్తవు?"

"గట్ల కాదవ్వా... కథ ఇంక ఉన్నదని. వచ్చే నెల..."

"నీ సదువు సల్లగుండ! ఉన్నదంటే ఉన్నదే."

అంటూనే కొంగుతో కళ్లొత్తుకుంది. కాసేపటికి మళ్లీ అదే అడిగింది... "ఏం రాసిండే?"

అంతలో యాదమ్మత్త ఉరుక్కుంటూ వచ్చింది. స్పీకర్ నొక్కిన సెల్లు చేతిలో ఉంది. అవ్వ గుంజుకుంది. హలో లేదు, బిడ్డా లేదు...

"ఇంకా ఉన్నదారా?"

అయ్యో... అనరాని మాట! యాదమ్మత్త నోటి మీద చెయ్యేసుకుంది. నేను బాపు గొంతు కోసం సెల్లుకు చెవి ఆనించాను.

"ఉన్నదే అమ్మా... ఇప్పుడే కండ్లు తెరిచింది. అత్త తిన్నదా అని అడుగుతాంది."

అవ్వ ఉన్నచోటే కూలబడింది.

"తిన్న గని... జల్ది వచ్చి నాతోని కొట్లాడుమను" అని భోరుమంది.

అమ్మ వచ్చింది గానీ ఆ పుస్తకం మళ్లీ రాలేదు. ఆపేశారట. గంగి ఏమైందో ఇప్పటికీ తెలియదు. ఇప్పటి పిల్లలకు ఫోన్లో ఒక భాగం అయ్యీ కాకముందే తర్వాతది దానంతటదే మొదలవుతుంది... నెలంతా తాడు పట్టుకుని ఎదురుచూసే పని లేదు. మీకూ అట్లా సగంలో ఆగిన బొమ్మల కథ ఉంటే చెప్పండి, వింటాను...

అవ్వ పోయి కొన్నేళ్లయింది. అయినా కూరలో ఉప్పెక్కువైన రోజు అమ్మ ఆమె కూర్చునే పీట వైపు చూసి, "తిట్టు అత్తా, తిట్టు" అంటుంది.