గడప దగ్గర మొదలయ్యే వారం

2023లో, చలి మొదలవుతున్న రోజుల్లో జరిగిన సంగతి ఇది. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్‌కి దగ్గర్లో, కింద చెప్పుల షాపు, పైన కోచింగ్ సెంటర్, మధ్య అంతస్తులో మా ట్రావెల్ ఆఫీసు. అందులో హాలిడే ప్యాకేజీలు చూసేది నేను. పదిహేనేళ్లుగా ఇదే పని. ఎవరిని ఏ ఊరు పంపానో సగం గుర్తులేదు గానీ, ఒక్క కుటుంబం మాత్రం ఇప్పటికీ కలలోకి వస్తుంది. అదేమీ మంచి కల కాదు.

ముందు మా పనిలో ఒక మాట చెప్పాలి. టైమ్‌షేర్ అంటే రిసార్టులో గదిని ఏటా ఒక వారం చొప్పున చాలా ఏళ్లకు ముందే కొనుక్కోవడం. ‘మీకు గిఫ్ట్ తగిలింది, భార్యాభర్తలిద్దరూ రండి’ అని ఫోన్ చేసి, హోటల్లో కూర్చోబెట్టి అంటగడతారే, అదే. కొన్న సరదా రెండేళ్లుంటుంది. తర్వాత పిల్లల పరీక్షలో, ఆఫీసు సెలవులో అడ్డం పడి వారం మురిగిపోతుంది. ఏటా కట్టే మెయింటెనెన్స్ మాత్రం తప్పదు. అలా మురిగిపోయే వారాన్ని, దాన్ని అమ్మిన క్లబ్బు అనుమతితో వేరేవాళ్ల పేర రాయించే కాగితాన్ని గెస్ట్ సర్టిఫికెట్ అంటారు. సభ్యుడికి ఆ ఏటి మెయింటెనెన్స్ గట్టెక్కుతుంది. వెళ్లేవాళ్లకు సముద్రం ఒడ్డున వంటగదితో సహా వారం రోజుల కాపురం బాగా చవకలో దొరుకుతుంది. మధ్యలో నిలబడి ఇద్దరినీ కలిపేది నాలాంటివాళ్లం.

శ్రీశైలం మాకు సామాను తెచ్చిన ట్రాలీ ఆటో డ్రైవరు. నల్గొండ దగ్గర పల్లె నుంచి వచ్చి అల్మాస్‌గూడలో ఉంటున్నాడు. పాత ఏసీ దింపి కొత్తది ఎక్కించి, చెమట తుడుచుకుంటూ మా గోడ మీది అండమాన్ ఫొటో ముందు నిలబడిపోయాడు. పెళ్లయి పదేళ్లయినా భార్య స్వప్నను యాదగిరిగుట్ట దాటి ఎక్కడికీ తీసుకుపోలేదట. సముద్రం చూపిస్తానని పెళ్లి పందిట్లోనే మాటిచ్చాడట.

“అయ్యేదేనా మేడం, మా అసొంటోళ్లకు?” అని అడిగాడు.

ఎందుకు కాదన్నాను. అప్పటికి నా చేతిలో ఒక వారం ఉంది. మన్సూరాబాద్‌లో ఉండే సుబ్బారావు మాస్టారిది. ఆయన కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతారు, సొంతూరు తెనాలి వైపు. క్లబ్బులో చేరిన పాపానికి ఏటా డబ్బు కడుతున్నారు తప్ప, సెలవు దొరికి వెళ్లింది ఒక్కసారే. పోర్ట్ బ్లెయిర్ నుంచి పడవలో పోవాల్సిన ఒక చిన్న దీవిలో ఆయనకొచ్చిన వారం ఆ ఏడు కూడా మురిగిపోయేలా ఉంది. దాన్ని శ్రీశైలం పేర రాయించాను.

టికెట్లు ఖాయం చేసే రోజున ఇద్దరు పిల్లలతో సహా ఇంటిల్లిపాదీ ఆఫీసుకు వచ్చారు. శ్రీశైలం తల్లి లక్ష్మమ్మ ప్రయాణంలో లేదు. కానీ అందరికంటే ముందు ఆమే మెట్లెక్కింది. సముద్రం గురించి అడగలేదు, విమానం గురించి అడగలేదు. ఎన్నో రోజుకు తిరిగొస్తారని ఒక్కటే అడిగింది. మా లెక్క మాకు నోటికొచ్చేసి ఉంటుంది కదా, ఏడు రాత్రులు ఎనిమిది పగళ్లు, ఎనిమిదో రోజు తిరుగుప్రయాణం అని గడగడా చెప్పేశాను.

“ఎనిమిదైతే మంచిదే బిడ్డా. పోయిన తొమ్మిదో నాడు ఇల్లు జొర్రొద్దు,” అంది.

మా అమ్మమ్మ కూడా అనేది ఆ మాట. బయల్దేరిన రోజుతో కలిపి తొమ్మిదో రోజున తిరిగి ఇంట్లో అడుగుపెడితే కీడు అని. నేను నవ్వి, “ఏం కాదమ్మా” అన్నాను. ఏం కాదు అనే మాట లేకపోతే మా వ్యాపారమే లేదు. విమానమంటే భయమన్నా, తిండి పడదన్నా, పిల్లకు జలుబన్నా, అన్నిటికీ అదొక్కటే మందు.

శుక్రవారం సాయంత్రం చెన్నై రైలెక్కారు. శనివారం పొద్దున విమానం, మధ్యాహ్నం పడవ. మా లెక్క ఆ శనివారం రిసార్టులో తాళంచెవి తీసుకున్నప్పుడు మొదలవుతుంది. లక్ష్మమ్మ లెక్క శుక్రవారం గడప దాటినప్పుడే మొదలైంది. ఆ తేడా నాకు తట్టలేదు. ఆమెకు మాత్రం ఇంట్లో ఒంటరిగా కూర్చున్నాక వేళ్ల మీద తేలింది, తిరిగొచ్చే శనివారం తొమ్మిదో రోజని.

మరుసటి శుక్రవారం, అంటే వాళ్లు తిరిగిరావడానికి ముందురోజు, మధ్యాహ్నం ఆఫీసులో టీవీ నడుస్తోంది. అల్పపీడనం, అండమాన్ దగ్గర సముద్రం అల్లకల్లోలం అని చెబుతున్నారు. పొద్దున ఆ దీవి నుంచి బయల్దేరిన ఒక ప్రైవేటు పడవకు నడి సముద్రంలో ఇంజిన్ ఆగిపోయిందట. లోపల టూరిస్టులున్నారట. నాకు మొదట పెద్దగా భయం వేయలేదు. మావాళ్ల పడవ రేపు కదా, అదీ వేరే కంపెనీది, పెద్దది అనుకున్నాను. పైగా ఆ పడవలో ఉన్నవాళ్లను తలచుకుని అయ్యో పాపం అని కూడా అనుకున్నాను.

అప్పుడే లక్ష్మమ్మ వచ్చింది. రెండు ఆటోలు మారి వచ్చిందట, రొప్పుతోంది. టీవీకి వీపు పెట్టి నా ఎదురుగా కూర్చుంది.

“ఫోను కలుస్తలేదు బిడ్డా. నిన్న మాపటికి మాట్లాడిండు. ఒక రోజు ముందుగాల్నే రమ్మని నేనే చెప్పిన. సరే అమ్మా, రేపు పొద్దుగాల పడవెక్కుతున్నమన్నడు.”

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమె భుజం మీదుగా తెరపై ఆ అలలు కనబడుతూనే ఉన్నాయి. రిమోట్ కోసం తడుముకున్నాను. దొరికింది, ఆపేశాను. అయితే మనిషి ముఖాన్ని ఆపడానికి రిమోట్ ఉండదు కదా. లక్ష్మమ్మ వెనక్కి తిరిగి నల్లగా ఉన్న టీవీని చూసింది, మళ్లీ నన్ను చూసింది.

“ఏముండె గండ్ల?” అని అడిగింది.

చెప్పక తప్పలేదు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

నేను ఫోన్ల మీద పడ్డాను. శ్రీశైలం నంబరు అందుబాటులో లేదు, స్వప్నదీ అంతే. రిసార్టు నంబరు మోగడమే లేదు. పడవ కంపెనీ వాళ్లది ఎంతసేపు చేసినా బిజీ. విమానం టికెట్టు మార్చారేమో అని చూస్తే మార్చలేదు. దానికి ప్రాణం లేచొచ్చినట్టయింది గానీ, మరుక్షణమే ఇంకో ఆలోచన వచ్చింది. శుక్రవారం పడవలో పోర్ట్ బ్లెయిర్ చేరుకుని, అక్కడ టికెట్టు మార్చుకుందాం అనుకుని ఉండొచ్చు. చవగ్గా ఏ పడవ దొరికితే అది ఎక్కి ఉండొచ్చు. చివరికి క్లబ్బు ఆఫీసుకు చేస్తే, అతిథుల వివరాలు సభ్యుడికి తప్ప ఇంకెవరికీ చెప్పమన్నారు. బతిమాలాను, అరిచాను. చెప్పలేదు. వారం ఎవరు అనుభవిస్తున్నా, క్లబ్బు దృష్టిలో అది సుబ్బారావు మాస్టారి వారమే.

లక్ష్మమ్మను తీసుకుని ఆటోలో మన్సూరాబాద్ బయల్దేరాను. ఎల్బీనగర్ చౌరస్తాలో ట్రాఫిక్ ఇరుక్కుపోయింది. ఆమె నా చెయ్యి పట్టుకుని, తనలో తనే, “నేనే రమ్మన్న, నేనే రమ్మన్న” అంటూనే ఉంది. ఏం కాదమ్మా అనబోయాను. పదిహేనేళ్లు అలవోకగా తిరిగిన మాట ఆ రోజు పెదవి దాటలేదు.

మాస్టారు అప్పుడే క్లాసు నుంచి వచ్చి భోజనానికి కూర్చోబోతున్నారు. సంగతి విని కంచం పక్కన పెట్టేశారు. లక్ష్మమ్మ లోపలికి రానంది, గడప దగ్గరే కూలబడింది. మాస్టారి భార్య మంచినీళ్లిస్తే గ్లాసు చేతిలో పట్టుకుంది తప్ప తాగలేదు. మాస్టారు క్లబ్బుకు ఫోన్ చేసి సభ్యత్వం నంబరు చెప్పి, రిసార్టుతో వేరే లైను మీద కలుపుతామంటే ఎదురుచూస్తూ నన్ను పక్కకు పిలిచారు.

“పద్మగారూ, బుకింగు నా పేరు మీదే ఉంది కదండీ. జరగరానిది జరిగితే నా మెడకు చుట్టుకుంటుందేమో చూడండి,” అన్నారు మెల్లగా.

ఒళ్లు మండిపోయింది. కానీ ఆ మాట అంటూ కూడా ఆయన ఫోను చెవి దగ్గరి నుంచి తీయలేదు. భయం అందరికీ ఒకేలా రాదు, ఎవరి భయం వాళ్లది. లక్ష్మమ్మ దగ్గరికి వచ్చేశాను.

లక్ష్మమ్మ నా వైపు చూడకుండా వీధిలోకి చూస్తూ మాట్లాడింది.

“తొమ్మిదో నాడు ఒస్తే ఏమైతుండెనో ఆ దేవునికే ఎరుక. ఎనిమిదో నాడు రమ్మని నా కొడుకును నేనే నీళ్లల్ల తోసిన గదా, బిడ్డా.”

పక్కన కూర్చున్నాను, అంతే.

లైను కలిసింది. మాస్టారు స్పీకరులో పెట్టారు. అవతల రిసార్టు మేనేజరు హిందీలో మాట్లాడుతున్నాడు, మాస్టారు మాకు తెలుగులో చెబుతున్నారు. రికార్డులో ఆ కుటుంబం ఇంకా గది ఖాళీ చేయలేదట. అయితే కొందరు చెప్పాపెట్టకుండా ముందే వెళ్లిపోతుంటారట. మనిషిని పంపాను, ఉండండి అన్నాడు. ఉన్నాం. కాసేపటికి మేనేజరు మళ్లీ వచ్చాడు. తలుపుకు తాళం వేసి ఉంది, ఎంత కొట్టినా లోపలినుంచి పలుకు లేదు అన్నాడు.

లక్ష్మమ్మ చేతిలో గ్లాసు జారి నీళ్లన్నీ గడప మీద పోయాయి.

మేనేజరు ఇంకేదో అంటున్నాడు, కాస్త విసుగ్గా. మాస్టారు విని, చెప్పాలా వద్దా అన్నట్టు మొహమాటపడ్డారు. చెప్పండి అన్నాను గట్టిగా.

“ఏం లేదండీ, ఆ గదివాళ్ల మీద పక్క గదివాళ్లు ఇందాకే ఫిర్యాదు చేశారట. ఎండుచేపలు వేయించారంట, వరండా అంతా ఒకటే వాసనంట.”

లక్ష్మమ్మ ఒక్క ఉదుటున లేచింది. ఇందాక గడప దాటనన్న మనిషి ఫోను దగ్గరికొచ్చి నిలబడింది.

“ఎప్పుడంట? పొద్దుగాలనా, పగటీలనా? అడుగు సారూ.”

మాస్టారు అడిగారు. మధ్యాహ్నం వంటలప్పుడు అన్నాడు మేనేజరు. పడవ బయల్దేరింది పొద్దున. ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

“గవి నేనే కట్టిచ్చిన. ఆడ తిండి పడ్తదో పడదో అని,” అంటూ లక్ష్మమ్మ అప్పుడు ఏడ్చింది. అంతసేపూ బిగబట్టిన ఏడుపంతా ఏడ్చింది.

గాలికి కరెంటు పోతే రిసార్టులో అందరినీ జనరేటరున్న భోజనాల హాల్లో కూర్చోబెట్టారట. ఆ జనంలోనే వీళ్లూ ఉన్నారు, మేనేజరుకు తట్టలేదంతే. కాసేపట్లో శ్రీశైలం లైనులోకి వచ్చాడు. ఆమె అడిగింది ఒక్కటే, అన్నం తిన్నవా అని. ముందురోజు రావడానికి స్వప్న ససేమిరా అందట. పదేళ్లకు దొరికిన వారంలో ఒక రోజు ఎందుకు వదులుకోవాలని. తల్లి నిశ్చింతగా నిద్రపోతుందిలే అని వీడు పడవెక్కుతున్నానని అబద్ధం చెప్పాడు. ఇంజిన్ ఆగిన పడవలోని వాళ్లను కూడా ఆ సాయంత్రానికి క్షేమంగా ఒడ్డుకు చేర్చారని తర్వాత టీవీలో చెప్పారు.

మర్నాడు సముద్రం శాంతించింది. పెద్ద పడవ నడిచింది, నేరుగా హైదరాబాద్ వచ్చే విమానం అందింది. నేను హాయిగా ఊపిరి పీల్చుకుంటుండగా లక్ష్మమ్మ ఫోన్ చేసింది. కొడుకునీ కోడల్నీ పిల్లల్నీ ఆ ఒక్క రాత్రికి ఎల్బీనగర్లో మా ఇంట్లో పడుకోనివ్వమని అడిగింది. ఎందుకంటే అది తొమ్మిదో రోజు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. నిన్న అంత జరిగాక కూడా ఇంకా అదే పట్టుకుని వేలాడతారేంటమ్మా అన్నాను.

“నిన్నటి సంగతి నిన్నటిది బిడ్డా. తొమ్మిదో నాడు తొమ్మిదో నాడే,” అంది చల్లగా.

సాయంత్రం దాటాక సంచుల్లో ఇసుకతో, ముక్కులు కమిలిపోయిన పిల్లలతో నలుగురూ మా ఇంటికి దిగారు. వాళ్లకంటే ముందే లక్ష్మమ్మ క్యారేజీ పట్టుకుని వచ్చి కూర్చుంది. ఇంట్లోకి రానివ్వదు, చూడకుండానూ ఉండలేదు. పిల్లలిద్దరినీ ఒళ్లో వేసుకుని తడిమింది. తర్వాత కొడుకును దగ్గరికి పిలిచి వీపు మీద ఒక్కటిచ్చింది.

“అబద్ధం చెప్పి బతికినవ్‌రా. ఇగ జన్మల నాకు అబద్ధం చెప్పకు,” అంది.

స్వప్న మా అమ్మాయి గదిలో పిల్లలకు పక్క వేయడానికి లేచి వెళ్లిపోయింది. తెల్లవారి వాళ్లకంటే ముందే లక్ష్మమ్మ అల్మాస్‌గూడ వెళ్లిపోయింది, గుమ్మంలో దిష్టి తీయడానికి మనిషి ఉండాలి కదా.

ఆ తర్వాత నా పని తీరు మారింది. ఏం కాదు అనడం మానేశాను. తెలిసింది చెబుతాను, సముద్రం సంగతి నాకు తెలియదని కూడా చెబుతాను. వెళ్లేవాళ్లను ఎంత అడుగుతానో, ఇంట్లో ఎవరు ఉండిపోతున్నారని అంతే అడుగుతాను. రిసార్టు నంబరు వాళ్లకూ ఇస్తాను. వారం లెక్క రిసార్టు తలుపు దగ్గర కాకుండా వాళ్ల గడప దగ్గర మొదలుపెడతాను. మా ఆఫీసులో కుర్రకారు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

కిందటేడు మా అమ్మాయి కాలేజీవాళ్లతో గోవా వెళ్లింది. టికెట్లు కాలేజీ వాళ్లే తీశారు, నేను వేలు పెట్టలేదు. బస్సు కదిలాక ఇంటికొచ్చి, ఏమీ తోచక వేళ్లు మడిచాను. తిరిగొచ్చే రోజుకు తొమ్మిది పడింది. నాకు ఆ నమ్మకం లేదు, ఇప్పటికీ లేదు. అయినా మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టాను. ముందురోజు వచ్చేయమని చెబుదామని ఫోను తీశాను. ఎల్బీనగర్ చౌరస్తాలో నా చెయ్యి పట్టుకున్న ఆ చెయ్యి గుర్తొచ్చింది. పెట్టేశాను. మళ్లీ తీశాను. చివరికి అమ్మాయికి కాక, లక్ష్మమ్మకు చేశాను. సంగతి సగం కూడా చెప్పకముందే ఆమెకు అర్థమైపోయింది.

“మా ఇంటికి తోలియ్ బిడ్డా. పక్క ఏసి పెడ్త.”