వాహెద్ భాయ్‌కి ముందే వచ్చిన మెడనొప్పి

పాతబస్తీలోని హుస్సేనీ ఆలంలో ఎవరికి ఏ జబ్బు చేసినా అది అంతకు ముందే అబ్దుల్ వాహెద్‌కు వచ్చి పోయి ఉండాలి. అదీ మామూలుగా కాదు, రెట్టింపుగా. మీ కిడ్నీలో రాయి ఉందంటే ఆయనకు పడింది నిమ్మకాయంత. మీకు కామెర్లంటే, ఆయన ఎంత పచ్చబడ్డాడో చూసి పెళ్ళికొడుకనుకుని బ్యాండువాళ్ళు వెంటపడ్డారట. పక్కింటి కోడలు కాన్పు నొప్పులతో కేకలు పెడుతుంటే "ఫికర్ నక్కో బేటీ, భయపడకు, నాకు గూడ..." అని అందుకోబోయాడు. భార్య మహబూబున్నీసా చెయ్యి పట్టి లోపలికి లాక్కుపోయింది కాబట్టి వీధి పరువు దక్కింది.

ఆయన దోస్తు బసవయ్యకు గౌలిపురలో బట్టల దుకాణం. రెండు చేతులూ బట్ట కొలుస్తుంటే ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కుని ఉండేది. జిరాఫీ మెడలోనూ మనిషి మెడలోనూ ఉండేవి ఏడేసి ఎముకలేనట. కాకపోతే జిరాఫీకి బుద్ధుంది. అంత మెడ పెట్టుకుని ఆకులు మేస్తుందే తప్ప హోల్‌సేల్ వాళ్ళతో బేరాలాడదు.

ఒకనాడు బసవయ్య మెడలో పుట్టిన నొప్పి కుడి భుజం దిగి, మోచెయ్యి దాటి, బొటనవేలి దాకా కరెంటులా పాకింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. జాకెట్టు గుడ్డ కోస్తుండగా కత్తెర చేజారింది. అందరూ కత్తెరను చూశారు. బసవయ్యకు మాత్రం తండ్రి కనిపించాడు. ఆయనకూ కుడిచేతితోనే మొదలైంది పక్షవాతం, మళ్ళీ మంచం దిగనివ్వలేదు. డాక్టరు ఆ మాటే అంటాడేమోనని బసవయ్య దవాఖాన గడప తొక్కలేదు.

పాతబస్తీలో మందుకు కరువుండొచ్చు గానీ సలహాకు లేదు. పాలాయన ఇటుక కాచి పెట్టమన్నాడు. దర్జీ రాజన్న మెడకు ఉల్లిగడ్డ కట్టుకొమ్మన్నాడు. కట్టుకుంటే నొప్పి పోలేదు, గిరాకీ పోయింది. ఇక ఎముకలు సరిచేసే పహిల్వాన్ చేత మెడ విరిపించుకుందామని చెప్పులు తొడుక్కుంటుండగా వాహెద్ దిగాడు, మెడకు తెల్లటి పట్టీతో.

"ఏడికి భాయ్?"

"పహిల్వాన్ కాడికి. ఒక్క గుంజుడు గుంజితే సాఫ్ అయితదంట."

"నక్కో! నాకు గుంజిండు గద. మూతి చార్మినార్ దిక్కు తిరిగి ఆడనే ఆగింది. వారం దినాలు ఇంటికి ఎన్కకు నడుసుకుంట వచ్చిన."

"నీకెప్పుడు వచ్చింది మెడనొప్పి?"

"నిన్ననే."

బసవయ్య భార్య విమలాదేవి నవ్వు ఆపుకోలేకపోయింది. "నిన్న వచ్చిన నొప్పికి వారం దినాలెట్ల నడిచినవ్ భాయ్ సాబ్?"

"మస్తు స్పీడు నొప్పి భాభీ! ఈయనకు ఒక్క చెయ్యే గద, నాకు రెండు చేతులు, ఒక చెవి."

బసవయ్య గొంతు తగ్గించాడు. "చెయ్యి పడిపోతదా భాయ్?"

"నాది పడ్డదా? చూడు, ఎట్లున్నదో. నస్ దబ్బింది, అంటె నరం నొక్కుకున్నది, గంతే. నడువ్ డాక్టర్ కాడికి, నాకు గూడ చూపించుకునేదుంది."

"నస్ దబ్బింది గని నీ నస దబ్బలె," అంది విమలాదేవి. అయినా మొగుడి చెప్పులు దవాఖాన వైపు తిప్పి పెట్టింది.

డాక్టరు ఉమ్మే హానీ బసవయ్య మోచేతి మీద చిన్న సుత్తితో కొట్టింది, వేళ్ళు గట్టిగా పట్టుకొమ్మంది, స్కాన్ తీయించి చూసింది. "పక్షవాతం కాదు. మెడ ఎముకల నడుమ మెత్తటి బిళ్ళ జరిగి నరాన్ని నొక్కుతున్నది. గోలీలు, ఎక్సర్‌సైజులు చేస్తె శానమందికి కొన్ని వారాలల్ల తగ్గుతది. ఫోను చేతిల పట్టుకోండ్రి. మెడ ఎవ్వరితోని ఇరిపించుకోకుండ్రి. చేతి పట్టు ఇంక తగ్గినా, కాళ్ళు తడబడినా వెంటనే రండ్రి."

బసవయ్య ఆ కుడిచేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు.

"మరి మీకేమైంది చాచా?"

వాహెద్ అప్పటికే తలుపు దాకా జరిగాడు. డాక్టరు కూర్చోబెట్టి పట్టీ విప్పింది. "దీన్ని తలకిందులుగ పెట్టుకున్నరు." మెడ అటు తిప్పింది, ఇటు తిప్పింది. అది గుడ్లగూబ మెడలా హాయిగా తిరిగింది. "దీనికేం రోగం లేదు చాచా!"

వాహెద్ తల వంచుకున్నాడు. బసవయ్యకు అప్పుడు అర్థమైంది. ఆ రాళ్ళు, ఆ కామెర్లు, ఒక్కటీ ఈ మనిషి గుమ్మం తొక్కలేదన్నమాట. దాటి వచ్చినవాడొకడు పక్కన లేకపోతే భయపడ్డవాడు ఎట్లా దాటుతాడని, అన్నిటినీ ముందే తెచ్చుకుని కూర్చున్నాడు.

బసవయ్య డాక్టరు వైపు తిరిగాడు. "మీరు మంచిగ చూడలె డాక్టరమ్మా. ఈయనది నా దానికంటె జబర్దస్త్ నొప్పి. ఇద్దరికీ ఎక్సర్‌సైజులు రాయండ్రి. నాకు రెండు పూటలైతె ఈయనకు నాలుగు. చాయ్, బిర్యానీ అన్నీ బంద్!"

డాక్టరు నవ్వాపుకుంటూ పెన్ను తీసింది. వాహెద్ కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"రుకో బేటీ! నాది... నాది జర తక్కువనే ఉన్నది!"